శీర్షిక ఇచ్చిన మాట

ప్రచారకర్త: ముందు నా ఫిర్యాదు వినండి సార్. క్లిక్‌బైట్ గురించి ఎవరు మాట్లాడినా దోషులం మేమే. జనాన్ని మోసం చేస్తున్నామంటారు, భాషను పాడు చేస్తున్నామంటారు. మంగళగిరిలో నాలుగు మగ్గాలున్న నేత కుటుంబం ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలు అమ్ముకోవాలనుకుంది అనుకోండి. "మంగళగిరి నూలు చీర, నిజాం అంచు, ధర ఇంత" అని రీల్ పెడితే ఎవరూ ఆగరు. "ఇదే చీర షోరూంలో ఎందుకంత ఖరీదో తెలుసా?" అని పెడితే ఆగుతారు. ఆగినవాళ్లలో కొందరు కొంటారు. ఇందులో తప్పెక్కడుందో చూపించండి.

సబ్ ఎడిటర్: ఎందుకంత ఖరీదో ఆ రీల్‌లో చెబితే తప్పేమీ లేదు. చెబుతుందా?

ప్రచారకర్త: చెబుతుంది. మగ్గం దగ్గర్నుంచి మాస్టర్ వీవర్, అక్కణ్ణుంచి హోల్‌సేల్, ఆపైన షోరూం అద్దె, ఏసీ బిల్లు, ఎవరి లాభం వాళ్లది. అర నిమిషంలో చెప్పేయొచ్చు.

సబ్ ఎడిటర్: అయితే ఆ రీల్ విషయంలో మనకు గొడవే లేదు. నేనూ డెస్కులో కూర్చుని హెడ్డింగులు పెట్టి బతికినవాణ్ణే. చూపు లాగడం పాపమని నేనెలా అంటాను? ఐటం ఎంత బాగా రాసినా హెడ్డింగ్ చప్పగా ఉంటే ఆ రాసిన శ్రమంతా వృథా. నా అభ్యంతరం చూపు లాగాక జరిగేదాని మీద. శీర్షిక ఒక మాట ఇస్తుంది. లోపల ఆ మాట నిలబడాలి. 2023 మార్చిలో కోట శ్రీనివాసరావు గారు చనిపోయారని సోషల్ మీడియాలో తిప్పారు. ఆ వయసులో ఆయన కెమెరా ముందు కూర్చుని, నేను బతికే ఉన్నానని వీడియో చేసి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన నిజంగా కన్నుమూసింది 2025 జులైలో. ఆ రోజు ఉదయం ఫోన్లో ఆ వార్త చూసినప్పుడు నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, అనుమానం. ఇది కూడా వ్యూస్ కోసమేనేమో అని రెండు మూడు చోట్ల వెతుక్కున్నాను. ఒక మహానటుడి మరణవార్తను వినగానే నమ్మే వీలు కూడా మనకు మిగల్చలేదు.

ప్రచారకర్త: అది క్లిక్‌బైట్ కాదు సార్, పచ్చి అబద్ధం. బతికున్న మనిషిని చంపినవాణ్ణి నేను సమర్థించను. కానీ చర్చ మొదలైన ప్రతిసారీ అలాంటి ఉదాహరణే ముందుకు తెచ్చి, దాని పక్కన మమ్మల్ని నిలబెడతారు. కుతూహలం వేరు, అబద్ధం వేరు. 1994లో జార్జ్ లోవెన్‌స్టీన్ అనే ఆయన కుతూహలం మీద ఒక పెద్ద వ్యాసం రాశారు. మనకు తెలిసినదానికీ తెలుసుకోవాలనుకునేదానికీ మధ్య ఖాళీ కనిపించినప్పుడు మనసు ఊరుకోదు, ఆ ఖాళీ నిండేదాకా దానికి ఇబ్బందిగానే ఉంటుంది అన్నది ఆయన సిద్ధాంతం. మా భాషలో హుక్ అంటే ఆ ఖాళీని చూపించడమే. దీన్ని మేం కనిపెట్టలేదు. హరిదాసు కథను సరిగ్గా ఉత్కంఠ దగ్గర ఆపి పాట అందుకోడా? వారపత్రికల్లో సీరియల్ నడిచిన రోజుల్లో, తలుపు తెరుచుకోగానే "సశేషం" అని వేసేవారు కదా? ఆ ఒక్క ముక్క కోసం వచ్చే వారం పత్రిక ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన ఇళ్లు ఎన్నో. వాళ్లెవరినీ మోసగాళ్లని అనలేదే?

సబ్ ఎడిటర్: అనలేదు. ఎందుకంటే సీరియల్ రచయిత తలుపు దగ్గర ఆపే ముందు ఒక ప్రకరణమంతా చేతిలో పెట్టాడు. హరిదాసు పాట అందుకునే ముందు గంట సేపు కథ చెప్పాడు. ముందు ఇచ్చి, తర్వాత ఊరించారు. మీ థంబ్‌నెయిల్ ముందు ఊరిస్తుంది, తర్వాత ఇస్తే ఇస్తుంది, లేకపోతే లేదు. అంత తేడా ఉంది. ప్రచారంలోనే దీనికి మన దగ్గర మంచి ఉదాహరణ ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. దాన్ని జనంలోకి ఎలా తీసుకెళ్లారు? సంగీత కచేరీలకు వెళ్లి ఉచితంగా పంచారు. తలనొప్పి తగ్గినవాడు తర్వాత డబ్బిచ్చి సీసా కొనుక్కున్నాడు. ఆ ఆదాయంతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది. తెలుగు పత్రికా చరిత్రలో అంత పెద్ద అధ్యాయం వెనకున్నది వ్యాపార ప్రచారమే. కాకపోతే సరుకు ముందు, మాట తర్వాత.

ప్రచారకర్త: పంతులు గారి మాట ఎత్తారు కాబట్టి అడుగుతాను. ఆ కచేరీలోకి ఆయన నడిచి వెళ్లగలిగారు. ఇవాళ నేను వెళ్లాల్సిన కచేరీకి గుమ్మం దగ్గర అల్గారిథమ్ కూర్చుంది. గూగుల్‌లో ప్రకటన వేస్తే, దాన్ని ఎంతమంది నొక్కుతారని వాళ్లు అంచనా వేస్తారో దాన్ని కూడా బట్టి నాణ్యత స్కోరు ఇస్తారు. నొక్కేవాళ్లు తక్కువని తేలితే అదే క్లిక్కుకు నేను ఎక్కువ కట్టాలి. అంటే ఏమిటి? చప్పటి శీర్షికకు జరిమానా ఉంది. పెద్ద బ్రాండ్ ఆ జరిమానా కట్టుకోగలదు. హైదరాబాద్ నిండా హోర్డింగులు పెట్టుకున్నవాడికి హుక్ అక్కర్లేదు, పేరు చాలు. నాలుగు మగ్గాల కుటుంబానికి పేరు లేదు, డబ్బు లేదు. వాళ్ల చేతిలో ఉన్నది ఒక్క వాక్యం. ఆ వాక్యాన్ని కూడా మర్యాదగా, మెల్లగా మాట్లాడమంటే, డబ్బున్నవాడి గొంతే వినిపించాలని చెప్పినట్టు అవుతుంది.

సబ్ ఎడిటర్: ఈ మాటకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. చిన్నవాడికి గట్టి గొంతు కావాలన్నది నిజం. కానీ ఆ గొంతు ఎంతకాలం పనిచేస్తుందో చూడండి. అమెరికాలో అప్‌వర్తీ అని ఒక సైటు 2012లో మొదలైంది. ఒక్కో అంశానికి 25 హెడ్డింగులు రాయాలన్నది వాళ్ల నియమం. వాటిలో ఏది ఎక్కువ నొక్కించుకుంటుందో జనం మీదే పరీక్షించి చూసేవారు. 2013 చివరికి నెలకు 8 కోట్ల మందికి పైగా వచ్చారు. దాన్ని చూసి ప్రపంచమంతా అలాగే రాయడం మొదలుపెట్టింది. "తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించలేరు" అన్న ధోరణి మన తెలుగుకు చేరింది కూడా ఆ గాలికే. ఈలోగా ఫేస్‌బుక్ తన లెక్క మార్చుకుంది. 2014 ఆగస్టులో వాళ్లే బయటపెట్టారు: చదువరులను అడిగితే 80 శాతం సందర్భాల్లో, నొక్కకముందే విషయం తెలిసే శీర్షికలే తమకు కావాలన్నారట. అప్‌వర్తీ జనం ఎంత వేగంగా పెరిగారో అంత వేగంగా పడిపోయారు.

ప్రచారకర్త: అదే అప్‌వర్తీ కథలో రెండో సగం కూడా చెప్పాలి. వాళ్ల పరీక్షల లెక్కలన్నీ తర్వాత పరిశోధకుల చేతికి వచ్చాయి. లక్షకు పైగా శీర్షికలు తిరగేసి 2023లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో ఒక అధ్యయనం వేశారు. శీర్షికలో ఒక్కో చెడు మాట అదనంగా చేరితే నొక్కేవాళ్ల రేటు 2.3 శాతం పెరిగింది. మంచి మాట చేరితే తగ్గింది. ఫేస్‌బుక్ అడిగితే 80 శాతం సార్లు ఒకటి చెప్పారు, అప్‌వర్తీ వేలు పట్టుకుని చూస్తే ఇంకొకటి తేలింది. నోటితో ఇచ్చే జవాబు ఒకటి, వేలితో ఇచ్చే జవాబు ఒకటి. నా జీతం వేలి మీద ఆధారపడింది సార్.

సబ్ ఎడిటర్: మనిషికి రెండూ ఉంటాయి. తొందరలో చేసేది ఒకటి, నిదానంగా కోరుకునేది ఇంకొకటి. తొందరలో చేసినదాన్నే అతని అసలు కోరిక అనడం న్యాయమా?

ప్రచారకర్త: న్యాయం కాకపోవచ్చు. కానీ ఆ తొందరలోనే ఒక మనిషిని కాపాడాల్సి వస్తే? డిజిటల్ అరెస్టు మోసాలు తీసుకోండి. సీబీఐ నుంచి మాట్లాడుతున్నామని వీడియో కాల్ చేసి, గదిలోంచి కదలనివ్వకుండా గంటలకొద్దీ కూర్చోబెట్టి, రిటైరైనవాళ్ల జీవితకాలపు పొదుపు ఊడ్చేస్తున్నారు. చట్టంలో డిజిటల్ అరెస్టు అన్నదే లేదని 2024 అక్టోబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు నేను దాని మీద అవగాహన వీడియో చేశాను. "సైబర్ నేరాలపై అవగాహన సదస్సు" అని పెడితే చూసేది ఎవరు? ఆ సదస్సు ఏర్పాటు చేసిన అధికారులు. "సీబీఐ నుంచి మీకూ ఫోన్ వచ్చిందా?" అని పెట్టి, పక్కన భయపడ్డ పెద్దాయన ముఖం, ఎర్రటి బాణం పెడితే విజయనగరంలో ఒక రిటైర్డ్ మాస్టారు నొక్కుతారు. వీడియోలో సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని వింటారు. రేపు ఆ కాల్ వచ్చినప్పుడు ఆయన ఫోన్ పెట్టేస్తారు. భయపెట్టే థంబ్‌నెయిల్ అని మీరు విసుక్కునేది ఆయన ఇల్లు నిలబెట్టింది.

సబ్ ఎడిటర్: ఒప్పుకుంటాను. పూర్తిగా ఒప్పుకుంటాను. అవసరమైన విషయానికి చప్పటి హెడ్డింగ్ పెట్టడం కూడా ఒక అపరాధమే. "జిల్లాలో పలు అభివృద్ధి కార్యక్రమాలు" అని పెట్టి చదవాల్సిన విషయాన్ని లోపల పాతిపెట్టిన రోజులు డెస్కుల్లో చాలా ఉన్నాయి. ఎవరినీ మోసం చేయలేదన్న తృప్తితో ఎవరికీ ఏమీ చెప్పకుండా ఇంటికెళ్లడం గొప్ప కాదు.

కానీ మీ మాస్టారి దగ్గరే ఒక్క క్షణం ఆగండి. ఆ మోసగాడి పద్ధతి ఏమిటి? భయపెట్టడం, తొందరపెట్టడం, ఆలోచించే వ్యవధి ఇవ్వకపోవడం. మీ థంబ్‌నెయిల్ పద్ధతి ఏమిటి? మీరు మంచికే వాడారు. కానీ రోజూ వంద థంబ్‌నెయిళ్లు ఆయనకు నేర్పుతున్నది ఒకటే: ఎరుపు కనిపించగానే, భయం వేయగానే నొక్కు. ఆ అలవాటు తయారయ్యాక మోసగాడికి పని సగం అయిపోయినట్టే.

ఇంకొకటి చెబుతాను, ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే సంగతి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడ్డ ప్రతిసారీ యూట్యూబ్‌లో చూడండి. "ముంచుకొస్తున్న మహా ప్రళయం", "ఈ జిల్లాలు జలసమాధి". మ్యాపంతా ఎరుపు. వాతావరణ శాఖకు రంగుల లెక్క ఒకటుంది: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. ఎరుపంటే ఇక కదలండి, చర్య తీసుకోండి అని అర్థం. ఆ ఒక్క రంగును దాచుకుని, అవసరమైన రోజున మాత్రమే బయటికి తీస్తారు. థంబ్‌నెయిల్ వాడు దాన్ని రోజూ వాడేస్తాడు. ఇప్పుడు గోదావరి డెల్టాలో ఒక కౌలు రైతును ఊహించుకోండి. ఖరీఫ్ వరి కోతకొచ్చింది. పైరును ఇంకో వారం నిలబెట్టి ఉంచితే గింజ గట్టిపడుతుంది. వాన వస్తుందంటే ఈ రాత్రికే కోత మిషన్ పిలవాలి. అందరూ ఒకేసారి పిలిస్తే గంట అద్దె పెరుగుతుంది. పచ్చిగా కోస్తే ధాన్యంలో తేమ 17 శాతం దాటి కొనుగోలు కేంద్రంలో పేచీ. కోయకుండా ఉంటే, నిజంగా తుఫాను వస్తే, చేను నేలకొరిగి గింజ మొలకెత్తుతుంది. అతనికి కావాల్సింది ఒక్క నిజమైన వాక్యం. మొదటిసారి ప్రళయం అన్నారు, పరుగున కోశాడు, చినుకు పడలేదు. రెండోసారి అన్నారు, నష్టపోయాడు. మూడోసారి 2014 అక్టోబరులో విశాఖ మీద విరుచుకుపడ్డ హుద్‌హుద్ లాంటిది వస్తుంది. అప్పుడు అతను ఫోన్ తిరగేసి పడుకుంటాడు. మాట మీద నమ్మకం ఊరి చెరువులాంటిది బాబూ. ఎవరి మోటారు వాళ్లు పెట్టుకుని తోడుకుంటే ఎండిపోయేది అందరికీ.

ప్రచారకర్త: తుఫాను విషయంలో మీతో వాదించను. కానీ మీరు వార్తల బరువంతా తెచ్చి మా తల మీద పెడుతున్నారు. నేను అమ్మేది చీర, పచ్చడి, డిజైనింగ్ కోర్సు. ప్రకటన అంటేనే కొంచెం గొంతు పెంచి మాట్లాడతారని అందరికీ తెలుసు. రిక్షాకు మైకు కట్టి "నేడే చూడండి" అని ఊరంతా తిరిగిన రోజుల నుంచీ తెలుసు. "ఆలసించిన ఆశాభంగం" అని కరపత్రం మీద వేస్తే, రేపు వెళ్లినా ఆ దుకాణం తెరిచే ఉంటుందని చదివినవాడికి తెలీదా? తెలుగువాడు ప్రచారాన్ని వినేటప్పుడే అందులో పావలా వంతు తీసేసి వింటాడు. మీరంతా చూసేవాళ్లను మరీ అమాయకుల్ని చేస్తారు.

సబ్ ఎడిటర్: చదువుకున్నవాడు, పదేళ్లుగా ఫోన్ వాడుతున్నవాడు తీసేసి వింటాడు. మొన్న మొన్న ఫోన్ చేతికొచ్చిన పల్లెటూరి తల్లి?

ప్రచారకర్త: మా అమ్మ ఉండేది పల్లెలోనే సార్. నా థంబ్‌నెయిల్ చూపిస్తే, "ఇందులో ఏం లేదురా, ఊరికే పెట్టావు" అని ఒక్క చూపులో చెప్పేస్తుంది. సంతలో బేరమాడినావిడకు అమ్మేవాడి గొంతు ఎలా ఉంటుందో ఒకరు నేర్పాలా? ఆమె తరఫున భయపడుతున్నామంటూ ఆమె తెలివిని తక్కువ చేస్తున్నారు.

సబ్ ఎడిటర్: మీ అమ్మగారి సంగతి మీకే తెలుస్తుంది, నేను వెనక్కి తీసుకుంటాను. కానీ సంతలో ఆవిడ సరుకును చేత్తో పట్టుకుని చూస్తారు. నచ్చకపోతే ముందుకు నడుస్తారు. మీరు కోర్సు అన్నారు కదా, అక్కడ ఆగుదాం. ఎంట్రన్స్ ఫలితాలొచ్చిన రోజు టీవీ పెట్టండి: ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు రెండు అంటూ ర్యాంకుల మోత. ఆ ర్యాంకరు అక్కడ రెండేళ్లు చదివాడో, నాలుగు మాక్ టెస్టులు రాశాడో తల్లిదండ్రులకు తెలీదు. పొలం తాకట్టు పెట్టి ఫీజు కడతారు. ఇది ఎంత ముదిరిందంటే, కోచింగ్ ప్రకటనల కోసమే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో విడిగా మార్గదర్శకాలు తేవాల్సి వచ్చింది. అంతకు ముందే 2022 జూన్‌లో, సరుకు ఇచ్చే ఉద్దేశం లేకుండా తక్కువ ధర చూపించి పిలిచే ఎర ప్రకటనల మీద నిబంధనలొచ్చాయి. 2023 నవంబరులో 13 రకాల మాయదారి పద్ధతులను పేరుపేరునా జాబితా వేశారు. అందులో మొట్టమొదటిది లేని తొందర పుట్టించడం. "ఈ ఒక్కరోజే" అని ముప్ఫై రోజులూ చెప్పడం. తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. పావలా వంతు తీసేసి వినేస్తారులే అని చట్టం అనుకోలేదు.

ప్రచారకర్త: కోచింగ్ ప్రకటన మైకు రిక్షా మాట కాదు, నిజమే. సినిమా టికెట్టుకు గొంతు పెంచడం, ఒక కుటుంబపు రెండేళ్ల సంపాదనకు గొంతు పెంచడం ఒకటి కావు. అవతలివాడు ఎంత పోగొట్టుకుంటాడన్నదాన్ని బట్టే మేం ఎంత పెంచొచ్చన్నది ఉండాలి. ఇది నేను ఒప్పుకుంటున్నాను. కానీ జరిమానా పడేది ఎవరికి? రాసిన నాకూ, డబ్బిచ్చిన నా ఖాతాదారుకూ. మధ్యలో కూర్చున్న వేదికకో? మామూలు యూట్యూబ్ వీడియో మీద వచ్చే ప్రకటన ఆదాయంలో 55 శాతం చేసినవాడికి, మిగతా 45 వాళ్లకు. మోసపోయి నొక్కిన నొక్కులోనూ వాళ్ల వాటా అంతే. అలాంటివాళ్లు 2024 డిసెంబరులో, శీర్షికలో ఒకటి చెప్పి లోపల మరొకటి చూపించే వీడియోల మీద చర్యలు భారతదేశం నుంచే మొదలుపెడతామన్నారు. ముఖ్యంగా తాజా వార్తల విషయంలో. పందెం పెట్టిందీ వాళ్లే, ఇప్పుడు పరుగెత్తినవాణ్ణి తప్పుపట్టేదీ వాళ్లే.

సబ్ ఎడిటర్: అయినా ఆ చర్య మంచిదే కదా?

ప్రచారకర్త: మంచిదే. అంతేకాదు, పరిస్థితి దానంతటదే సర్దుకుంటోందని కూడా అంటాను. యూట్యూబ్ 2012లోనే నొక్కుల లెక్క వదిలేసి చూసిన సమయం లెక్క పట్టుకుంది. ఇప్పుడు ఒక వీడియోకు మూడు థంబ్‌నెయిళ్ల దాకా పెట్టి పోల్చి చూసుకోవచ్చు. అందులో గెలిచేది ఎక్కువ నొక్కించుకున్నది కాదు, ఎక్కువ సేపు చూడనిచ్చింది. అబద్ధపు థంబ్‌నెయిల్ చూసి వచ్చినవాడు పది సెకన్లలో వెళ్లిపోతే నేనే ఓడిపోతాను.

సబ్ ఎడిటర్: ఆ సర్దుబాటు ఎక్కడికి దారితీసిందో మీకు తెలుసు. పది సెకన్లలో వెళ్లిపోతే నష్టం కాబట్టి, వెళ్లనివ్వకుండా చూడటం నేర్చుకున్నారు. వీడియో 8 నిమిషాలు దాటితే మధ్యలో ప్రకటనలు పెట్టుకోవచ్చు. అందుకని రెండు నిమిషాల సంగతిని తొమ్మిది నిమిషాలు సాగదీసి, థంబ్‌నెయిల్‌లో అడిగిన ప్రశ్నకు ఎనిమిదో నిమిషంలో జవాబు. "అది చెప్పే ముందు మా ఛానెల్‌ను సబ్‌స్క్రైబ్ చేసుకోండి." పాత క్లిక్‌బైట్ ఒక నొక్కు తీసుకుని వదిలేది. కొత్తది మనిషి సాయంత్రాన్ని తీసుకుంటోంది.

ప్రచారకర్త: దీనికి నేను అడ్డు చెప్పను. నా టీంలో కుర్రాళ్లు రాసే స్క్రిప్టుల్లో నేను రోజూ చూస్తున్నదే. కానీ మిమ్మల్ని ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పాలి. డెస్కులో మీరు అంత హుందాగా హెడ్డింగులు పెట్టగలిగారంటే కారణం మీ విలువలేనా? 1835 ఆగస్టులో న్యూయార్క్‌లో సన్ అనే పత్రిక, చంద్రుడి మీద రెక్కలున్న మనుషులు కనిపించారని వరసగా వేసింది. జాన్ హెర్షెల్ అనే నిజమైన ఖగోళ శాస్త్రవేత్త పేరు వాడుకుని మరీ. అదీ పత్రికే. అక్కడా డెస్కు ఉంది.

సబ్ ఎడిటర్: సన్ పత్రిక ఖరీదు ఒక్క సెంటు. కుర్రాళ్లు వీధుల్లో అరుస్తూ అమ్మేవారు. ప్రతి రోజూ పేపరు తనను తాను కొత్తగా అమ్ముకోవాలి. నిన్న కొన్నవాడు ఇవాళ కొంటాడన్న భరోసా లేదు. అందుకే రెక్కల మనుషులు.

ప్రచారకర్త: మరి మీ పేపరు?

సబ్ ఎడిటర్: మా పేపరు నెల చందా మీద తెల్లారేసరికి గుమ్మంలో పడేది. నేను హెడ్డింగ్ ఎలా పెట్టినా పడేది. వ్యవసాయం పేజీని ఎవరూ చదవకపోయినా సినిమా పేజీ, క్రీడల పేజీ దాన్ని మోసేవి. ఏ ఐటమూ తన కూడు తాను సంపాదించుకోవాల్సిన అవసరం లేదు. మీరు అడగబోయేది నాకు అర్థమైంది. అవును, ఆ హుందాతనంలో సగం నాది కాదు, చందాదారుది. మిగతా సగం మా చీఫ్ సబ్‌ది. "ఐటంలో లేనిది హెడ్డింగులో ఎలా వచ్చింది?" అని కాగితం వెనక్కి తోసేవారు. ఆ ప్రశ్న అడిగినందుకు ఆయన ఉద్యోగం పోయేది కాదు.

ప్రచారకర్త: నా దగ్గర ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేరు సార్. డ్యాష్‌బోర్డు ఉంది. అది అడిగేది ఒకటే ప్రశ్న: నిన్నటికంటే ఎందుకు తగ్గింది? థంబ్‌నెయిళ్లు చేసే కుర్రాడు జర్నలిజం చదివి వచ్చాడు. మొదటి నెల "ఇది లోపల లేదు కదా" అని అడిగాడు. రెండో నెల వ్యూస్ తగ్గాయని మీటింగులో నిలబెట్టారు. మూడో నెల అడగడం మానేశాడు. వాడికి విలువలు లేవని నేననను. మీ వెనక చందా నిలబడింది. వాడి వెనక ఎవరూ నిలబడలేదు. ప్రతి రీలూ తన కూడు తాను సంపాదించుకోవాల్సిన చోట గొంతు పెరగకుండా ఎలా ఉంటుంది?

సబ్ ఎడిటర్: ఉండదు. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. కానీ మిమ్మల్ని పట్టుకుంటాను. మీటింగులో ఆ కుర్రాడు నిలబడ్డప్పుడు పక్కన కూర్చున్నది మీరు. "ఇది లోపల లేదు కదా" అన్న మాట మీరు అని ఉంటే వాడు మూడో నెల కూడా అడిగేవాడు. మా చీఫ్ సబ్ చేసింది అంతకంటే పెద్దదేం కాదు.

ప్రచారకర్త: అంటే ఖాతాదారు పక్క ఏజెన్సీకి వెళ్తాడు. అందులో నాతోపాటు ఇద్దరి జీతాలున్నాయి.

సబ్ ఎడిటర్: వెళ్లొచ్చు. ఆ భయం నిజమైనదే, దాన్ని నేను చిన్నది చేయలేను. మీరు ఎంతవరకు నిలబడగలరో మీరే చెప్పండి. నేను గీసే గీత మీకు బయటి నుంచి గీసినట్టే ఉంటుంది.

ప్రచారకర్త: చావు, జబ్బు, ఆడపిల్ల ఫోటో, వీటిని హుక్‌గా వాడను. ఇది ఎవరొచ్చినా. శీర్షికలో అడిగిన ప్రశ్నకు మొదటి అర నిమిషంలో జవాబు మొదలవ్వాలి. ధర ఉన్న సరుకైతే ధర కనిపించాలి. ఫీజు లక్షల్లో ఉన్న కోర్సుకు "గ్యారంటీ" అన్న మాట రాయను. ఈ నాలుగూ చేయగలను. కుతూహలం మాత్రం వదలను, వదలమని మీరూ అడగకూడదు. మంగళగిరి రీల్‌కు ఆ ప్రశ్న ఉండాల్సిందే. భయం విషయం నాకు ఇంకా తేలలేదు. 1930 వీడియోకు పెట్టొచ్చంటారు, అలవాటు చేస్తుందనీ అంటారు. రెండూ మీరే అన్నారు.

సబ్ ఎడిటర్: రెండూ నేనే అన్నాను, రెండూ నిజమే. నాకూ తేలలేదు. బహుశా ఎప్పుడో ఒకసారి మాత్రమే వాడాలేమో, ఎరుపు రంగును వాతావరణ శాఖ దాచుకున్నట్టు. కానీ ఎప్పుడో ఒకసారి అన్నది ఎవరు లెక్కపెడతారో నేను చెప్పలేను.

ప్రచారకర్త: పక్కవాడు లెక్కపెట్టడు. అదే నా ఇబ్బంది. నేను నెలకొకసారి భయపెడితే వాడు పూటకొకసారి భయపెడతాడు, చూసేవాళ్లకు ఇద్దరం ఒకేలా కనిపిస్తాం. మనం ఇద్దరం ఎంత మాట్లాడుకున్నా, మూడో మనిషి వేలు ఏం చేస్తుందన్న దగ్గరే ఆగుతున్నాం.

సబ్ ఎడిటర్: అయితే ఆ మూడో మనిషినే అడుగుదాం. థంబ్‌నెయిల్ చెప్పింది లోపల లేదని తెలియగానే బయటికి వచ్చేయండి. కోపంతో కింద కామెంటు పెట్టకండి, తిట్టినా ఆ వీడియోకు అది కదలికే. వీడియో పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే ఆసక్తి లేదని, ఈ ఛానెల్ నాకు చూపించొద్దని చెప్పే వీలుంది. అది వాడండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లో కూడా ఆ చుక్కలు ఎక్కడున్నాయో చూపించండి.

ప్రచారకర్త: నాదీ ఒక విన్నపం. చెప్పిన మాట నిలబెట్టుకున్న వీడియో దొరికితే సగంలో వదలకండి. చివరిదాకా చూడండి, బాగుంటే ఇంట్లోవాళ్లకు పంపండి. వచ్చే నెల మీటింగులో ఖాతాదారు ముందు పెట్టడానికి నా దగ్గరుండే లెక్క అదొక్కటే.